అసలూ నకలూ

"ఒరిజినల్ కావాలా సార్, డూప్లికేట్ కావాలా?"

గుంటూరు ఆటోనగర్లో ఒక స్పేర్ పార్ట్స్ కొట్టు ముందు నిలబడితే కౌంటర్లో కుర్రాడు అడిగిన మాట ఇది. టీ తాగుతారా కాఫీ తాగుతారా అన్నంత మామూలుగా అడిగాడు. నాకు మాత్రం ఒక్క క్షణం నోట మాట రాలేదు. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఊహ తెలిసినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. బ్రేకుల గురించి కాదు, నా గురించి.

మాది ముప్పాళ్ళ. 2022 ఏప్రిల్లో పల్నాడు జిల్లా ఏర్పడేదాకా గుంటూరు జిల్లా అని రాసుకునేవాళ్లం. అబ్బా వైపు వాళ్లు ఉర్దూ మాట్లాడతారు. అమ్మ వైపు వాళ్లు దూదేకులవాళ్లు. తెలుగు తప్ప మరో మాట రాదు. మా తాత వింటిబద్ద భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకూ దిండ్లకూ దూది ఏకినవాడు. అమ్మ పెళ్లయి వచ్చాక ఉర్దూ నేర్చుకుంది. ఎంత నేర్చుకున్నా 'పానీ ఆయా' అనాల్సిన చోట 'పానీ ఆయీ' అనేది. మా దాదీ పగలబడి నవ్వేది. ఇంటికొచ్చిన చుట్టాలకు అమ్మను చూపించి, "అసల్ నై అమ్మా, నకల్" అనేది. అమ్మ తలొంచుకుని దస్తర్‌ఖాన్ పరిచేది.

ఆ మాట నన్ను వదల్లేదు. పెద్దయ్యాక ఉద్యోగం కోసం హైదరాబాద్ వెళ్తే అక్కడి ఉర్దూ పత్రికల మిత్రులు నా ఉర్దూ విని, "ఆంధ్రా ముసల్మాన్ హై నా?" అని జాలిగా చూసేవారు. తెలుగు మిత్రులేమో, "నీ తెలుగు వింటే అసలు ముస్లింవని అనిపించదోయ్" అని మెచ్చుకునేవారు. మెచ్చుకోలే అది! దానికి నేను థాంక్స్ కూడా చెప్పేవాణ్ణి. ఒకాయన ఇంకాస్త ముందుకెళ్లి, "మీరు ఒరిజినల్ ముస్లిములా, కన్వర్టయినవాళ్లా?" అని అడిగాడు. డబ్బా మీద స్టిక్కరు గీకి చూసినట్టు ఉంటుంది ఆ చూపు.

ఇంతకీ ఆటోనగర్ దాకా ఎందుకు వెళ్లానో చెప్పాలి.

పోయిన కార్తీకంలో మా ఆఫీసు మిత్రుడి తల్లిగారిని కోటప్పకొండ తీసుకెళ్లాను. ఆమెకు మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. మిత్రుడికి కారు లేదు. నాకో సెకండ్ హ్యాండు చిన్న కారుంది. నరసరావుపేట దాటి, ఘాట్ రోడ్డెక్కి, కొండ మీద త్రికోటేశ్వరుడి దర్శనం చేయించుకుని దిగుతున్నాం. నేను బీఏ చదివినవాణ్ణి. దిగేటప్పుడు గేరు తగ్గించి ఇంజను మీద బండిని ఆపుకోవాలన్న తెలివి నాకు లేదు. పైనుంచి కిందికి కాలు బ్రేకు మీదే ఉంచాను.

సగం దూరం దిగేసరికి స్టీరింగు వణకడం మొదలెట్టింది. కాలి కింద పెడలు కొట్టుకుంటోంది. రబ్బరో ఇనుమో కాలుతున్న వాసన. ఇంకో మలుపు దగ్గర పెడలు మెత్తబడి కిందికి దిగిపోయింది. ఎట్లాగో హ్యాండ్ బ్రేకు లాగి, పక్కనున్న గోడ వైపు ఒరగదీసి ఆపాను. వెనక సీట్లోంచి మిత్రుడి తల్లి, "చేదుకో కోటయ్యా" అంది. నా నోట్లోంచి "యా అల్లా" అని వచ్చింది. కాసేపయ్యాక ఆమె నా చేతిలో ప్రసాదం పెట్టి, "మనిద్దరం ఒకేసారి పిలిచాం నాయనా, ఎవరో ఒకళ్లు పలికారులే" అని నవ్వింది.

అరగంట ఆగి, చల్లారాక, మొదటి గేరులో నెమ్మదిగా దిగాం.

ఇక్కడే నేను ఒప్పుకోవాల్సిన విషయం ఒకటుంది. ముప్పాళ్ళలో రోడ్డు పక్కన నా తమ్ముడి షెడ్డుంది. పాతికేళ్లకు పైగా వాడిది బ్రేకుల పని. ట్రాక్టర్లు, ఆటోలు, కార్లు, మిర్చి యార్డుకు పోయే లారీలు... అన్నీ వాడి చేతి కిందికి వస్తాయి. అయినా నేను మర్నాడు కారును వాడి దగ్గరికి తీసుకుపోలేదు. టౌన్లో అద్దాల గోడల సర్వీసు సెంటరుకు తీసుకెళ్లాను. ఎందుకని? ఏసీ గది, కంప్యూటర్ బిల్లు, టై కట్టుకున్న కుర్రాడు. వాటి మీద నాకున్న నమ్మకం నా తమ్ముడి చేతుల మీద లేకపోయింది. అంతకంటే వేరే కారణం లేదు.

ఆ కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు. కారు చూసి ముందు డిస్కులు రెండూ, ప్యాడ్లు, క్యాలిపర్లు, వెనక డ్రమ్ముల్లో షూలు, అన్నీ మార్చాలన్నాడు. రూ.19,000 దాటింది లెక్క. నేను నీళ్లు నమలడం చూసి గొంతు తగ్గించి అన్నాడు: "బయట సాయిబుల షెడ్లలో చేయించకండి సార్. డూప్లికేట్లు వేసేస్తారు. మనకి ప్రాణం ముఖ్యం కదా."

కాగితం మీద నా పేరింకా రాయలేదు. నా తెలుగు విన్నాడంతే.

'మనకి' అన్నాడే, ఆ మాటలో నన్ను కలుపుకున్నాడు. నేనేం చేశానో తెలుసా? తలూపాను! "ఆలోచించుకుని వస్తా"నని బయటికొచ్చి కార్లో కూర్చున్నాక ఒళ్లు మండింది. వాడి మీద కాదు. వాడు చెప్పిన మాటను నేను ముందురోజే నమ్మేశాను కదా! నమ్మాను కనకే వాడి దగ్గరికి వచ్చాను.

*

1995లో అబ్బాకు పని పోయింది. ఇంట్లో ఇద్దరం మగపిల్లలం. నాకు పదిహేనేళ్లు, తమ్ముడికి పన్నెండు. ఇద్దరి ఫీజులు కట్టే శక్తి లేదు. నేను బాగా చదువుతానని పంతుళ్లు చెప్పారు. వాడు బాగా చదవడని ఎవరూ చెప్పలేదు. అయినా వాణ్ణి గుంటూరులో ఒక బ్రేకు లైనింగు కొట్లో పెట్టారు. నేను నరసరావుపేటలో బీఏలో చేరిన 1998లోనే 'జల్ జలా' వచ్చింది. ముస్లిం కవులంతా ఒక్కసారి గొంతెత్తిన ఆ పుస్తకాన్ని హాస్టలు గదిలో రాత్రంతా చదివి ఏడ్చాను. ఆ రాత్రి నా తమ్ముడు గుంటూరులో లారీ బ్రేకు షూలకు రివెట్లు కొడుతూ ఉండి ఉంటాడు. అది నాకు ఇప్పుడు తడుతోంది, అప్పుడు తట్టలేదు.

2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక వచ్చినప్పుడు దాని మీద ఆదివారం అనుబంధానికి వ్యాసం రాశాను. ముస్లింలు నెలజీతాల ఉద్యోగాల్లో తక్కువగా, సొంత చేతి పనుల్లో, వాహనాల మరమ్మతు లాంటి వాటిలో ఎక్కువగా ఉన్నారని అందులో ఉంది. నేనది గణాంకాలతో సహా రాశాను. మా తమ్ముడు చదివాడో లేదో అడగలేదు. ఆ అంకెల్లో వాడున్నాడు. వాడి వల్లే నేను వాటిలో లేను.

*

"టౌనుకు పొయ్యొచ్చావంటగా భాయ్" అన్నాడు వాడు, జాకీ పెడుతూ.

"చూపిద్దామని..."

"ఏమన్నారు?"

చెప్పాను. వాడు కోపగించుకోలేదు. ఎగతాళి చెయ్యలేదు. చక్రాలు విప్పి పక్కన పెట్టి, లోపలికి పోయి ఒక పాత చెక్కపెట్టె తెచ్చాడు. అందులో గుడ్డలో చుట్టిన మైక్రోమీటరు ఉంది.

కంపెనీ కాగితాల్లో రోటర్ అంటారు గానీ షెడ్లో దాని పేరు డిస్కు. చక్రంతో పాటు తిరిగే పోత ఇనుము పళ్లెం. దానికి రెండు వైపులా ప్యాడ్లుంటాయి. మనం పెడలు తొక్కితే బ్రేకు ఆయిలు ఒత్తిడికి క్యాలిపర్ ఆ ప్యాడ్లను డిస్కు మీదికి నొక్కుతుంది. బండి వేగమంతా వేడిగా మారి డిస్కులోకి పోతుంది. లాంచెస్టర్ అనే ఇంగ్లీషు ఇంజనీరు 1902లోనే ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. 1953లో ఫ్రాన్సులోని లె మాన్స్ పందెంలో డిస్కు బ్రేకులున్న జాగ్వార్ గెలిచాక లోకమంతా దాని దారి పట్టింది.

వాడు డిస్కు అంచు మీద మసి తుడిచి చూపించాడు. సన్నటి ఇంగ్లీషు అక్షరాలు: 'మిన్ టీహెచ్ 15'. అంటే కనీస మందం 15 మిల్లీమీటర్లు. కొత్తగా ఉన్నప్పుడు 17. అంతకంటే అరిగితే ఆ ఇనుము వేడిని మొయ్యలేదు. పగలొచ్చు కూడా. మైక్రోమీటరు పెట్టి చుట్టూ ఎనిమిది చోట్ల కొలిచాడు. ఒక చోట 15.2, ఇంకో చోట 15.1, మరో చోట సరిగ్గా 15. ఏడో తరగతితో బడి మానేసిన నా తమ్ముడు మిల్లీమీటర్లో వందో వంతు చదువుతుంటే నేను పక్కన పుస్తకం పట్టుకుని రాసుకున్నాను.

"అందరూ డిస్కు వంకర పోయిందంటారు భాయ్. వంకర కాదు. మందం అన్ని చోట్లా ఒకటిగా లేదు. అందుకే పెడలు కొట్టుకుంటది."

"లేతు పట్టిస్తే?"

"పట్టిచ్చొచ్చు, పైన ఇనుముంటే. దీనికి లేతు పడితే 15 కిందికి పోద్ది. మళ్లా కొండ ఎక్కినప్పుడు నా అన్న దాంట్లో ఉంటాడుగా."

డిస్కులు మార్చాలన్న మాట వరకూ సర్వీసు సెంటరు వాళ్లు చెప్పింది నిజమేనన్నాడు. రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఒక వైపే కొత్తది వేస్తే బ్రేకు వేసినప్పుడు బండి ఆ పక్కకు గుంజుతుంది. డిస్కు మారిస్తే ప్యాడ్లూ మార్చాల్సిందే. పాత ప్యాడ్లలో మందు మూడు మిల్లీమీటర్లకు అరిగింది, పైగా కాలి అద్దంలా మెరుస్తోంది. క్యాలిపర్లు మాత్రం బాగానే ఉన్నాయి. అవి జరిగే పిన్నులు పట్టేశాయి, శుభ్రం చేసి గ్రీజు పెడితే చాలు. వెనక షూలు ఇంకో రెండేళ్లు వస్తాయి.

పెడలు మెత్తబడిందే, అది ఆయిలు తప్పు. బ్రేకు ఆయిలు అంటాం గానీ అది గాలిలో తేమను పీల్చుకునే ద్రవం. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరితే 155కే మరగొచ్చు. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ఆవిరిని నొక్కితే నలుగుతుంది గానీ బ్రేకును నొక్కదు. రెండేళ్లకోసారి మార్చమని అందుకే చెప్తారు. నేను ఐదేళ్లయినా ముట్టుకోలేదు.

"నువ్వే పోయి కొనుక్కురా భాయ్" అన్నాడు చివరికి. "నేను తెస్తే డూప్లికేటని డౌటు పడతావు."

నవ్వుతూనే అన్నాడు. టౌన్లో ఆ కుర్రాడన్న మాట నేను వాడికి చెప్పలేదు. చెప్పక్కర్లేదని అప్పుడు అర్థమయింది. ఆ మాట వాడు రోజూ వింటున్నదే.

*

అలా ఆటోనగర్ చేరాను.

కౌంటర్ మీద నాలుగు రకాలు పరిచారు. అన్నిటికంటే ఖరీదైనది కారు కంపెనీ డబ్బాలోది. రెండోది ఆ కంపెనీలకే సరుకు చేసిచ్చే బ్రేకు కంపెనీలు తమ సొంత డబ్బాలో అమ్మేది. చెన్నై దగ్గర పాడిలో 1962లో మొదలైన బ్రేక్స్ ఇండియా లాంటివి ఈ కోవలోవి. చాలాసార్లు రెంటిలో ఉండేది ఒకే రకం సరుకు, డబ్బా వేరు. మూడోది పేరూ ఊరూ లేని చౌక సరుకు. నాలుగోది మొదటి దాని డబ్బాను అచ్చుగుద్ది లోపల మూడోదాన్ని పెట్టింది.

మూడోదాని మీద నాకు కోపం లేదు. అది తానేమిటో దాచుకోవడం లేదు. నాలుగోదే మోసం.

తమ్ముడు చెప్పి పంపిన గుర్తులన్నీ చూశాను. డబ్బా మీద బ్యాచ్ నంబరు, ప్యాడు వెనక రేకు మీద నంబరు ఉన్నాయా? గోటితో గీకితే మందు రాలుతోందా? మందుకూ రేకుకూ మధ్య సందుందా? కొట్టువాడు బిల్లిస్తాడా, లేక చేత్తో చీటీ రాస్తాడా? బిల్లు ఇవ్వనన్న చోట సరుకు ముట్టుకోవద్దన్నాడు.

మందులోనూ రకాలున్నాయి. నార, జిగురు కలిపి చేసిన మెత్తటి రకం చప్పుడు చెయ్యదు, డిస్కును తినదు, కానీ వేడికి త్వరగా లొంగుతుంది. ఇనుము పొడి కలిపినది వేడికి నిలుస్తుంది, కాకపోతే కీచుమంటుంది, డిస్కును కాస్త ఎక్కువ అరగదీస్తుంది. సిరామిక్ రకం నిశ్శబ్దంగా ఉంటుంది, దుమ్ము తక్కువ, ధర ఎక్కువ. చిల్లులు పొడిచి గాళ్లు చెక్కిన డిస్కులు కూడా చూపించాడు. చూడ్డానికి సోకుగా ఉన్నాయి. మామూలు రోడ్డు మీద తిరిగే చిన్న కారుకు అవి దండగనీ, చిల్లుల దగ్గర పగుళ్లు పుట్టొచ్చనీ తమ్ముడు ముందే చెప్పాడు. సాదా పోత ఇనుము డిస్కులే తీసుకున్నాను.

ప్యాడు అంచున అచ్చయిన కోడులో చివరి రెండు ఇంగ్లీషు అక్షరాలు చూడమన్నాడు. అవి పట్టును చెప్తాయి. 'ఇ' అంటే ఘర్షణ గుణకం 0.25 నుంచి 0.35, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45, 'జి' అంటే 0.45 నుంచి 0.55. మొదటి అక్షరం చల్లగా ఉన్నప్పటి పట్టు, రెండోది వేడెక్కాక ఉండే పట్టు.

"ఎక్కువ పట్టేదే మంచిదనుకోమాక భాయ్. చల్లగా ఉన్నప్పుడు ఎట్టుందో కాగినప్పుడూ అట్టా ఉండాల. రెండక్షరాలూ ఒకటైతే తీసుకో" అన్నాడు.

ఆ మాట వినగానే నాకు 1992 డిసెంబరు గుర్తొచ్చింది. బాబ్రీ మసీదు కూలిన వారం. నాకు పన్నెండేళ్లు. బళ్లో అప్పటిదాకా నా పక్కన కూర్చున్న పిల్లలు దూరం జరిగారు. అబ్బాతో రోజూ టీ తాగే మనుషులు చూసీ చూడనట్టు పోయారు. మా వీధి చివర ఉండే ఒక కమ్మవారి ముసలామె మాత్రం ఆ రాత్రి నులక మంచం మోయించుకుని వచ్చి మా వసారాలో వేసుకుంది. "ఎవడొస్తాడో రానియ్, ముందు నన్ను దాటాలిగా" అని వక్క నములుతూ పడుకుంది. వారం రోజులు అట్లాగే పడుకుంది. మామూలు రోజుల్లో ఆమె మా అమ్మతో నీళ్ల దగ్గర పోట్లాడే మనిషి. చల్లగా ఉన్నప్పుడు ఎంత పట్టు ఉందో, కాగినప్పుడూ అంతే ఉన్న మనిషి ఆమె.

రెండక్షరాలూ 'ఎఫ్' ఉన్న ప్యాడ్లు, బ్రేకు కంపెనీ సొంత డబ్బాలోవి, తీసుకున్నాను. డిస్కుల జత, ప్యాడ్లు, ఆయిలు కలిపి రూ.7,000 లోపే అయింది. రసీదు అడిగాను. ఇచ్చాడు.

బస్సులో వస్తూ ఆ రసీదునే చూస్తూ కూర్చున్నాను. రసీదు, ఖరీదు, దుకాణం, బాకీ, మరమ్మతు. ఇవన్నీ అరబ్బీ, ఫారసీల నుంచి వచ్చి తెలుగు ఇళ్లలో కాపురం చేస్తున్న మాటలు. 'అసలు' అరబ్బీ. 'నకలు' కూడా అరబ్బీయే. తెలుగువాడు అసలేదో నకలేదో చెప్పాలన్నా మా మాటలు పట్టుకునే చెప్పాలి! వాటిని ఎవరూ డూప్లికేట్ తెలుగు అనరు. పొన్నెకల్లులో దూదేకుల ఇంట పుట్టిన షేక్ నాజర్ బుర్రకథ చెప్తే పల్నాటి యుద్ధం కళ్ల ముందు నిలిచేది. మా తాత ఆయన కథ జరుగుతోందంటే ఏకుతున్న దూది వదిలేసి పోయేవాడట. ఆయనకు 1986లో పద్మశ్రీ ఇచ్చారు. ఆయన తన ఆత్మకథకు 'పింజారి' అని పేరు పెట్టుకున్నాడు. మా దాదీ అమ్మను తిట్టిన మాట అది. తాను నకలు కానని ఆయన ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోలేదు. మా అమ్మకు ఈ సంగతి చెప్పాలనుకుంటూనే ఉన్నాను. చెప్పకుండానే పోయింది.

*

షెడ్లో పని మొదలైంది. తమ్ముడి దగ్గర పదిహేడేళ్ల కుర్రాడొకడు పని నేర్చుకుంటున్నాడు. టెన్త్ తప్పాడు. 'ఉస్తాద్, ఉస్తాద్' అంటూ పానాలు అందిస్తున్నాడు. వెనక డ్రమ్ములు విప్పారు. లోపల నల్లటి దుమ్ము. కుర్రాడు కాంప్రెసరు గొట్టం అందుకున్నాడు, ఊదడానికి.

"రేయ్!"

అంత గట్టిగా మా తమ్ముడు అరవడం నేనెప్పుడూ వినలేదు. కుర్రాడు బిక్కచచ్చిపోయాడు. వాడు గొట్టం లాక్కుని, గుడ్డ తడిపి వాడి చేతికిచ్చాడు. "తుడు. ఊదమాక. ఎన్నిసార్లు చెప్పా?" అని, ఆ మాట పూర్తి కాకుండానే దగ్గడం మొదలెట్టాడు. చాలాసేపు దగ్గాడు. స్టూలు మీద కూర్చుని నీళ్లు తాగాడు.

వాడు ఏడాదిగా దగ్గుతున్నాడు. నాకు తెలుసు. బీడీలు మానరా అని ఫోన్లో చెప్పి ఊరుకున్నాను.

ఆ రోజు అడిగితే చెప్పాడు. గుంటూరు కొట్లో వాడి పని పాత షూల మీద లైనింగు కొట్టేసి, కొత్తది పెట్టి, డ్రిల్లు వేసి, రివెట్లు దిగ్గొట్టి, అంచులు సానబట్టడం. రోజంతా తెల్లటి పొడి. జుట్టులో, కనుబొమల్లో, అన్నం గిన్నెలో. "దీపావళి మతాబు కాల్చినట్టుండేది భాయ్. కాంప్రెసరు పెట్టి ఒకళ్ల మీద ఒకళ్లం ఊదుకునేవాళ్లం. ఆట." ఆ రోజుల్లో లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. వేడికి చలించని రాతి నార అది. ఆ నార ఊపిరితిత్తుల్లోకి పోతే బయటికి రాదు. ఇరవై, ముప్పై, నలభై ఏళ్ల తరవాత గానీ జబ్బు బయటపడదు.

గుంటూరులో డాక్టరు ఎక్స్‌రే చూసి, "చిన్నప్పుడు ఏం పని చేసేవాడివి?" అని అడిగాడట. స్కానింగు రాశాడు. అదేనని ఆయన అనలేదు. కాదనీ అనలేదు.

నేను పత్రికలో పనిచేసేవాణ్ణి కదా, ఆ రాత్రే వెతికాను. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల కేసులో తీర్పిచ్చింది. పనివాడి ఆరోగ్యం అతని జీవించే హక్కులో భాగమంది. ప్రతి కార్మికుడి ఆరోగ్య వివరాలూ పనిలో చేరినప్పటి నుంచి కనీసం నలభై ఏళ్లు, లేదా పని మానేశాక పదిహేనేళ్లు, భద్రపరచాలంది. మా తమ్ముడు కొట్లో చేరింది ఆ ఏడాదే. నలభై ఏళ్లంటే 2035 దాకా వాడి పేరు ఒక రిజిస్టర్లో ఉండాలి. ఏ రిజిస్టరు? రేకుల కొట్లో కూలికి పెట్టుకున్న పన్నెండేళ్ల పిల్లవాడికి హాజరు పట్టీయే లేదు, ఆరోగ్య పట్టీ ఎక్కడిది?

బ్రిటన్ 1999లో తెల్ల ఆస్బెస్టాస్‌ను కూడా నిషేధించింది. మన దేశంలో దాని దిగుమతి ఆగలేదు. పేరున్న బ్రేకు కంపెనీలు దాన్ని వదిలేసి, ఆ సంగతి డబ్బా మీదే రాస్తున్నాయి. పేరులేని చౌక సరుకులో ఏముందో చెప్పే పూచీ ఎవరికీ లేదు. నేను ఆటోనగర్లో నాలుగు రకాలు చూసి ఎంచుకున్నప్పుడు పట్టు చూశాను, ధర చూశాను, చప్పుడు చూశాను. నా ప్రాణం చూసుకున్నాను. ఆ దుమ్ము ఎవరి ముక్కులోకి పోతుందన్నది నా లెక్కలో లేదు. తమ్ముడు మాత్రం ఆ గుర్తు కూడా చెప్పే పంపాడు. "డబ్బా మీద ఆస్బెస్టాస్ లేదని ఉండాల" అన్నాడు. అది నా కోసం చెప్పాడనుకున్నాను. గొట్టం పట్టుకున్న ఆ కుర్రాడి కోసం.

మిరపకోతలప్పుడు తెల్లవారకముందే ఆటోల్లో కూలి ఆడవాళ్లను కుక్కుకుని పోతుంటారు. ఆ ఆటోవాళ్లు వచ్చి చౌకవి వెయ్యమని బతిమాలతారు. వీడు వెయ్యడు. మంచివే వేసి బాకీ రాసుకుంటాడు. నాకు ఆ బాకీల పుస్తకం చూపించాడు. సగం పేజీలు వసూలు కానివే. "బ్రేకు కాడ బాకీ పెడతా గానీ నకలు పెట్టను భాయ్" అన్నాడు. సాయిబుల షెడ్లలో డూప్లికేట్లు వేస్తారన్న కుర్రాడికి ఆ పుస్తకం చూపించాలనిపించింది. వాడికంటే ముందు, తలూపిన నాకు.

కొత్త డిస్కుల మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను తుడిచారు. హబ్బు మీది తుప్పు గీకారు. ప్యాడ్ల మొహానికి గ్రీజు చెయ్యి తగలకుండా బిగించారు. పాత ఆయిలు తీసి కొత్తది పోసి గాలి తీశారు. తరవాత నన్ను కూర్చోబెట్టి, తను పక్కన కూర్చుని, సత్తెనపల్లి రోడ్డు మీదికి తీసుకుపోయాడు. అరవై స్పీడుకు పోనిచ్చి, పూర్తిగా ఆపకుండా, ఇరవైకి తగ్గించమన్నాడు. అలా ఎనిమిది పదిసార్లు. మధ్యలో చల్లారనివ్వడం. "కొత్త డిస్కూ కొత్త ప్యాడూ ఒకదానికొకటి అలవాటు పడాల భాయ్. మొదటి రోజే గట్టిగా తొక్కితే జన్మలో కుదురుకోవు."

కూలి ఎంతని అడిగితే, "అన్న దగ్గరా?" అన్నాడు. నేను పట్టుబట్టలేదు. పట్టుబడితే వాడు బాధపడతాడు. పట్టుబట్టకపోతే నేను బాధపడతాను. 1995 నుంచీ మా మధ్య ఉన్న బాకీ కూలి డబ్బుతో తీరేది కాదు.

బయల్దేరబోతుంటే వాడే ఆపాడు. "భాయ్, నువ్వు రాస్తావుగా. ఆ గోడ మీద ఒక ముక్క రాసిపో. నేను చెప్తే వీడు వినడు, గోడ మీదుంటే చదువుతాడు."

పాతికేళ్లుగా పత్రికల్లో రాస్తున్నాను. నా తమ్ముడు నన్ను ఏదైనా రాయమని అడగడం అదే మొదటిసారి. ఎర్ర రంగు డబ్బా, కుంచె తెచ్చిచ్చాడు. కాంప్రెసరు పక్క గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాను: 'దుమ్ము ఊదరాదు. తడిగుడ్డతో తుడవాలి. ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.' కుర్రాడు కూడబలుక్కుని పైకి చదివాడు. దాని కింద అదే మాట ఉర్దూలో రాస్తుంటే తమ్ముడు చూసి, "ఉర్దూ ఎందుకు భాయ్? ఇక్కడ ఎవరు చదువుతారు? నాకే రాదు" అన్నాడు.

నిజమే. ఇద్దరిలో ఉర్దూ రాయడం నేర్చుకునే తీరిక కూడా నాకే దొరికింది.

కుంచె ఆగిపోయింది. కాసేపు చూసి వాడే, "సరేలే, సగం రాశావుగా, పూర్తి చెయ్యి. వీడికి నేర్పిద్దువుగాని వచ్చే వారం వచ్చినప్పుడు" అన్నాడు.

"నీకో?" అన్నాను.

వాడు నవ్వాడు. దగ్గొచ్చింది. దగ్గు ఆగేదాకా కుంచె పట్టుకుని నిలబడి, తరవాత మిగతా సగం రాశాను.